మంట తెలిసిన కోడికూర

దసరా, బోనాలు, సీత్ల పండుగ, మేడారం మొక్కు.. పేరు ఏదైనా జనగామ, మానుకోట, భూపాలపల్లి ఇళ్లల్లో ఆ రోజు పొయ్యి మీద కోడి ఉడకాల్సిందే. గడ్డి మంటలో కాల్చి వండాలా? కట్టెల పొయ్యి మీద గంటల తరబడి ఉడికించాలా? కుక్కర్‌లో వేసి చేతులు దులుపుకోవాలా? బొంగులో కూరి నిప్పుల మీద పెట్టాలా? ఏ పద్ధతి ఏ కోడికి పనికొస్తుందో, దేనికెంత ఓపిక ఖర్చవుతుందో చెప్పే కథనం ఇది.

పండుగ పొద్దున చాలా ఇళ్లల్లో జరిగే పంచాయితీ ఒకటే.

"కుక్కర్ల ఏస్తే నాలుగు విజిల్లకు ఐపాయె గదా అత్తమ్మా!"

"గీ ముదురు పుంజును కుక్కర్ల ఏస్తే తునకకు కారం పడ్తదా బిడ్డా? బయట కట్టెల పొయ్యి అంటియ్యి."

అత్తాకోడళ్ల మాటల్లో ఇద్దరి వైపూ న్యాయం ఉంది. నవంబరు నెలలో అమెరికాలో ఇంటింటా ఇదే వాదం నడుస్తుంది. అక్కడ థాంక్స్ గివింగ్ పండుగకు టర్కీ కోడిని ఓవెన్‌లో కాల్చాలా, నూనెలో దించాలా, పొగ మీద పెట్టాలా అని పత్రికలు పేజీలకు పేజీలు రాస్తాయి. అక్కడైనా ఇక్కడైనా వండేవాళ్ల ముందున్న చిక్కు ఒకటే. కోడి ఒంట్లో రెండు రకాల మాంసం ఉంటుంది. తొడ, కాలు గట్టివి. అవి మెత్తబడాలంటే ఎక్కువ సేపు ఉడకాలి. రొమ్ము మెతక. అది ఎక్కువ సేపు ఉడికితే పీచుపీచవుతుంది. తొడ ఉడకాలి, రొమ్ము ఎండకూడదు. మన పద్ధతులన్నీ ఈ ఒక్క చిక్కును విప్పడానికి పుట్టినవే.

ఈ పోలికల్లో సాధారణంగా ఒకటి మరచిపోతాం. రుచి గురించి మాట్లాడతాం, పొయ్యి దగ్గర కూర్చున్న మనిషి గంటలను లెక్కలో వేయం. ఈ కథనంలో రెండూ చూద్దాం.

కోడి వయసు తెలియాలి

ఫారం బ్రాయిలర్ 35 నుంచి 42 రోజుల్లో రెండు కిలోలకు అటూ ఇటూ పెరుగుతుంది. పెరట్లో, గడ్డివాము చుట్టూ, పెంట మీద గింజ ఏరుకొని తిరిగే నాటుకోడి ఐదారు నెలలకు గానీ కిలో, కిలోంబావు తూగదు. అన్నేసి నెలలు తిరిగిన కాళ్లు, కొట్లాడిన పుంజు తొడలు గట్టిపడతాయి. కండరాల పోగులను కట్టి ఉంచే కొల్లాజెన్ అనే మాంసకృత్తి వయసుతో పాటు బిగుసుకుపోతుంది. లేత కోడిలో అది అరగంటలో కరుగుతుంది. ముదురు కోడిలో గంటన్నర, రెండు గంటలైనా పట్టొచ్చు.

కొల్లాజెన్ కరగాలంటే 70 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడి, దానితో పాటు తడి, సమయం కావాలి. కరిగాక అది జిగురుగా మారి చారులో కలుస్తుంది. నాటుకోడి చారు చల్లారితే గడ్డకట్టడానికి, తిన్నాక పెదాలు అంటుకోవడానికి కారణం అదే. బ్రాయిలర్‌కు ఎన్ని మసాలాలు నూరి పోసినా ఆ చిక్కదనం రాదు. కరగడానికి అందులో అంత సరుకు ఉండదు.

అందుకే అంగడిలో కోడిని చేతికి తీసుకున్నప్పుడే సగం వంట తేలిపోతుంది. పుంజు కాలి వెనక ముల్లు చూడాలి. చిన్న బొడిపెలా ఉంటే లేతది, పొడుగ్గా కొనదేలి ఉంటే ముదురు. రొమ్ము కింద నిలువుగా ఉండే ఎముక చివరను వేలితో నొక్కి చూడాలి. మెత్తగా వంగితే లేతది. రాయిలా ఉంటే ఆ కోడి కుక్కర్‌కో, పొద్దంతా మండే పొయ్యికో తప్ప లొంగదు.

ఇంకో సంగతి. సంతలో "నాటుకోడి" అని అమ్మేవన్నీ పాత నాటు జాతులు కావు. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ పెరటి పెంపకం కోసం వనరాజా, గ్రామప్రియ రకాలను తయారుచేసింది. పీవీ నరసింహారావు తెలంగాణ పశువైద్య విశ్వవిద్యాలయం రాజశ్రీ రకాన్ని ఇచ్చింది. రంగురంగుల ఈకలతో ఇవి నాటుకోళ్లలాగే కనిపిస్తాయి, వాటికంటే త్వరగా బరువు పెరుగుతాయి. తినడానికి మంచివే. కాకపోతే వీటిని అసలు నాటు పుంజును ఉడికించినట్టు రెండు గంటలు ఉడికిస్తే ఎముక నుంచి తునక ఊడిపోయి కూర గుజ్జవుతుంది. అమ్మేవాళ్లను ధరే కాదు, రకం, వయసు కూడా అడగాలి.

గడ్డి మంట: తోలు నిలవాలంటే

ఈ మూడు జిల్లాల్లో పాతతరం వాళ్లను అడిగితే నాటుకోడికి మొదటి పని కాల్చడమే అంటారు. కోసిన కోడిని వేడినీళ్లలో ముంచి ఈకలు పీకుతారు. పీకాక సన్న నూగు మిగులుతుంది. దానికోసం వరిగడ్డి చిన్న కట్టలు అంటిస్తారు. గడ్డి మంట భగ్గున లేచి క్షణాల్లో ఆరిపోతుంది. కాళ్లు, మెడ పట్టుకొని కోడిని ఆ మంట మీద అటూ ఇటూ తిప్పుతారు. నూగు చిటచిటమని కాలి ముడుచుకుపోతుంది, తోలు బిగిసి లేత గోధుమరంగుకు తిరుగుతుంది. తోలు కింది కొవ్వు మెరుస్తూ పైకి చెమర్చుతుంది. అక్కడ ఆపాలి. ఇంకాస్త ఆగితే తోలు నల్లబడి చేదెక్కుతుంది. వెంటనే పసుపు దట్టంగా రాసి, కత్తి వెనకతో గీకి, నీళ్లతో కడిగి, అప్పుడు తునకలు కొడతారు.

ఇంత తతంగం ఎందుకంటే తోలు కోసం. నాటుకోడిలో కొవ్వు తక్కువ. ఉన్న కొద్దిపాటి కొవ్వులో ఎక్కువ భాగం తోలును అంటిపెట్టుకొనే ఉంటుంది. దుకాణంలో తోలు వలిచి ఇస్తే ఆ కొవ్వూ, దాంతో పాటు వచ్చే రుచీ చెత్తబుట్టలో పడ్డట్టే. కాల్చిన తోలు నుంచి వచ్చే పొగ వాసన కూరంతటికీ పడుతుంది. తర్వాత ఎన్ని దినుసులు వేసినా ఆ వాసనను తేలేం.

ఇప్పుడు చాలా దుకాణాల్లో గ్యాస్ మంటతో కాల్చి ఇస్తున్నారు. నూగు పోతుంది, తోలు నిలుస్తుంది, పని తొందరగా అవుతుంది. గడ్డి పొగ వాసన మాత్రం రాదు. టైర్ల ముక్కలు, ప్లాస్టిక్ కవర్లు వేసి మంట పెట్టే చోట మాత్రం కోడిని కాల్పించొద్దు. ఆ మసిలో విషాలు ఉంటాయి, పసుపు రాసి కడిగినా తోలును వదలవు.

కాల్చడం వంటలో మొదటి మెట్టు మాత్రమే. కాల్చిన కోడిని తర్వాత పొయ్యి మీదైనా, కుక్కర్‌లోనైనా వండుకోవచ్చు. కట్టెల పొయ్యికి తీరిక లేని ఇంట్లో కూడా ఈ మెట్టును వదులుకోకపోతే సగం రుచి దక్కినట్టే.

కోసిన గంటలోనే వండితే..

పండుగ హడావుడిలో జరిగే పొరపాటు ఒకటి ఉంది. తొమ్మిదింటికి కోసిన కోడి పదింటికల్లా గంజులో పడుతుంది. ఏ జీవి మాంసమైనా ప్రాణం పోయిన కొద్దిసేపటికి బిగుసుకుంటుంది. కోడిలో ఆ బిగుతు కొన్ని గంటల్లో సడలుతుంది. బిగిసి ఉన్నప్పుడు పొయ్యెక్కిస్తే ఎంత ఉడికినా తునక సాగుతూనే ఉంటుంది. "కోడి ముదురుది తగిలింది" అని అమ్మినవాణ్ని తిట్టుకుంటాం గానీ, తప్పు చాలాసార్లు మన తొందరదే.

తెల్లవారుజామునే కోయించి, తునకలకు ఉప్పు, పసుపు పట్టించి నాలుగైదు గంటలు ఫ్రిజ్‌లో ఉంచితే బిగుతు సడలుతుంది. ఉప్పు లోపలికి దిగి, తునకలో నీరు నిలవడానికీ సాయపడుతుంది. వేడి రోజుల్లో బయట మాత్రం ఉంచొద్దు. మరీ ముదురు పుంజయితే పచ్చి బొప్పాయికాయ చిన్న ముక్క నూరి కలిపే అలవాటు కొన్ని ఇళ్లల్లో ఉంది. బొప్పాయి పాలలోని పాపైన్ మాంసకృత్తులను విడగొడుతుంది. చెంచాడు చాలు, ఎక్కువైతే పైపొర పిండిలా అవుతుంది.

మూడు రాళ్ల పొయ్యి: మేడారం పద్ధతి

కట్టెల మంట మీద కోడి వండే విద్యను ఒకేచోట వేల పొయ్యిల మీద చూడాలంటే మేడారం పోవాలి. రెండేళ్లకోసారి మాఘమాసంలో పౌర్ణమి వేళ జరిగే సమ్మక్క-సారలమ్మ జాతర అది. బుధవారం కన్నెపల్లి నుంచి సారలమ్మ, గురువారం చిలకలగుట్ట నుంచి సమ్మక్క గద్దెలకు వస్తారు. శుక్రవారం మొక్కులు, శనివారం వనప్రవేశం. 2026లో జనవరి 28 నుంచి 31 దాకా జరిగింది. మేడారం ఇప్పుడు ములుగు జిల్లాలో ఉంది. 2019 ఫిబ్రవరిలో ములుగు విడిపోయేదాకా అది భూపాలపల్లి జిల్లాదే. సమ్మక్క భర్త పగిడిద్దరాజును ఇప్పటికీ మానుకోట జిల్లా పూనుగొండ్ల నుంచే తీసుకొస్తారు. ఇటు జనగామ నుంచి బస్సుల్లో, ట్రాక్టర్లలో కుటుంబాలకు కుటుంబాలు కదులుతాయి, వెనకటికైతే ఎడ్లబండ్ల మీద కదిలేవి.

సమ్మక్కను గుట్ట దింపి తెచ్చేటప్పుడు జనం ఎదురుకోళ్లు సమర్పిస్తారు. గద్దెల దగ్గర బెల్లాన్ని బంగారంగా మొక్కుతారు. మొక్కు తీరాక ఏ చెట్టు కింద చోటు దొరికితే అక్కడ మూడు రాళ్లు పెట్టి పొయ్యి వెలిగిస్తారు. వంటగది లేదు, మిక్సీ లేదు, సామాను మూటలో ఉన్నంతే. కాబట్టి కూరలో దినుసులు కూడా తక్కువే. ఉల్లిగడ్డ, అల్లంవెల్లుల్లి, పసుపు, కారం, ఉప్పు, ఇంటి నుంచి పొడి కొట్టి తెచ్చుకున్న ధనియాల మసాలా. నూనె కాగాక ఉల్లిగడ్డ, దాని వెంట తునకలు. తునకల్లోంచి ఊరిన నీళ్లు ఇంకేదాకా పెద్ద మంట మీద వేయించి, కారం వేసి, వేడినీళ్లు పోసి, కట్టెలు వెనక్కి లాగి నిప్పుల సెగ మీద వదిలేస్తారు.

ఆ కట్టెలు వెనక్కి లాగడంలోనే ఉంది పనితనం. మాంసం కుతకుత ఉడకాల్సిన పని లేదు. సన్నగా, అక్కడొకటి ఇక్కడొకటి బుడగ లేస్తూ ఉంటే చాలు. పెద్ద మంట మీద చారు ఇగిరిపోతుంది, కొల్లాజెన్ కరిగేలోపు రొమ్ము కండ బిరుసెక్కుతుంది. నిప్పుల సెగకు తొడ తీరిగ్గా మెత్తబడుతుంది. మూత సందుల్లోంచి పొగ దూరి చారుకు పడుతుంది.

మేడారం పొయ్యి దగ్గర ఒక మార్పు కనిపిస్తుంది. కట్టెలు తేవడం, కోడిని కాల్చడం, తునకలు కొట్టడం, గంటె తిప్పడం చాలాచోట్ల మగవాళ్లు కూడా చేస్తారు. ఇంట్లో స్టవ్ దగ్గరికి రాని మనిషి ఇక్కడ గంజు దగ్గర నుంచి లేవడు. కట్టెల పొయ్యి కూర రుచిని పొగిడేటప్పుడు ఈ మాట గుర్తుంచుకోవాలి. జాతరలో ఆ రెండు గంటలు పదిమందివి. ఇంట్లో అవే రెండు గంటలు ఒక్కరివి.

ఇంటి గంజు: నూరిన మసాలా, నిదానం మంట

జనగామ వైపు దసరా కూరలో చారు చిక్కగా ఉంటుంది. ధనియాలు, నువ్వులు, ఎండుకొబ్బరి కుడుక, రెండు లవంగాలు, దాల్చినచెక్క దోరగా వేయించి నూరుకుంటారు. ఉల్లిగడ్డ ఎర్రగా మగ్గాక అల్లంవెల్లుల్లి, ఆ తర్వాత తునకలు. నూరిన ముద్దను మాత్రం ఉడుకు సగం దాటాకే వేయాలి. నువ్వులు, కొబ్బరి ముందే పడితే అడుగంటుతాయి, పైగా చారు చిక్కబడి తునక ఉడకకముందే నీళ్లు సరిపోలేదనిపిస్తుంది. నీళ్లు మధ్యలో పోయాల్సి వస్తే కాగినవే పోయాలి. చల్లనివి పోస్తే ఉడుకు ఆగిపోయి మళ్లీ అందుకోవడానికి సమయం పడుతుంది.

కారం సంగతి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. మానుకోట, వరంగల్ నేల మిరపకు పెట్టింది పేరు. ఇక్కడి చపాటా మిర్చి 2025లో భౌగోళిక గుర్తింపు పొందింది. పొట్టిగా, గుండ్రంగా ఉంటుంది కాబట్టి రైతులు టమాటా మిర్చి అని కూడా పిలుస్తారు. వరంగల్, హనుమకొండ, ములుగు, భూపాలపల్లి జిల్లాల్లో పండుతుంది. దాని గుణం ఏమిటంటే రంగు ఎక్కువ, మంట తక్కువ. కూర ఎర్రగా కనిపించాలి, పిల్లలు కూడా తినాలి అనుకుంటే మామూలు కారంలో సగం చపాటా కలుపుకోవచ్చు. హోటల్ కూరల్లో కలిపే రంగుపొడి అవసరం ఉండదు.

పులుపు ఎవరి ఇష్టం వాళ్లది. ఎండాకాలం మొదట్లో చింతచిగురు దొరికితే దానికి సాటి లేదు. అరచేతుల్లో నలిపి, కూర దించడానికి పది నిమిషాల ముందు వేస్తే లేత పులుపు, పచ్చి వాసన నిలుస్తాయి. మొదటే వేస్తే చిగురు ఉడికి నల్లబడి, చారులో ఎక్కడుందో తెలియకుండా పోతుంది.

ఇక జత. పొద్దున గారెలు, మధ్యాహ్నం బగార అన్నం, రాత్రికి మిగిలిన చారులో జొన్నరొట్టె. ఒకే కూర మూడు పూటలా మూడు తీర్ల నడుస్తుంది. రాత్రికి చారు ఇంకా చిక్కబడి, కారం, ఉప్పు తునక లోపలికి దిగి ఉంటాయి. అందుకే కొందరు మధ్యాహ్నం కంటే రాత్రి రొట్టెకే ఎక్కువ ఎదురుచూస్తారు.

భూపాలపల్లి బొగ్గుగని కాలనీల పాతవాళ్లు మాత్రం బొగ్గు పొయ్యిని తలుచుకుంటారు. ఒకసారి రాజుకుంటే బొగ్గు గంటల తరబడి ఒకే తీరు వేడినిస్తుంది. కట్టెల్లా మాటిమాటికీ ఎగదోయాల్సిన పని లేదు, ముదురు కోడికి అలాంటి సెగే కావాలి. అయితే తలుపులు మూసిన గదిలో బొగ్గు పొయ్యి ప్రాణాలు తీస్తుంది. వాసన లేని కార్బన్ మోనాక్సైడ్ దాన్నుంచి వస్తుంది. ఆ పొయ్యి పెడితే వాకిట్లోనే పెట్టాలి.

తండా పండుగ

మానుకోట జిల్లాలో లంబాడీ తండాలు ఎక్కువ. ఇక్కడి లోక్‌సభ స్థానం కూడా ఎస్టీలకు రిజర్వు అయినదే. వానలు పడ్డాక తండాల్లో సీత్ల భవాని పండుగ చేస్తారు. పశువులు, పంటలు, పిల్లలు చల్లగా ఉండాలని మొక్కి కోళ్లను, మేకలను సమర్పిస్తారు. అమ్మవారికి ఉడికించిన గుగ్గిళ్లు కూడా పెడతారు. మొక్కు కోడి ఇంటికొచ్చాక కూరగా మారి బాటీతో, అంటే జొన్నరొట్టెతో, పళ్లెంలోకి వస్తుంది. రొట్టెకు తోడు కాబట్టి చారు పలచగా, ఘాటుగా ఉన్నా సరిపోతుంది. గట్టి రొట్టె చారును పీల్చుకుంటుంది. అన్నానికి కలుపుకొనే కూరకూ, రొట్టె ముంచుకొనే కూరకూ చిక్కదనంలో తేడా ఉండాలన్న సంగతి ఇక్కడ బాగా తెలుస్తుంది.

కుక్కర్: తిట్టడానికి ముందు

పెద్దవాళ్లకు కుక్కర్ మీద చిన్నచూపు ఎక్కువ. న్యాయంగా చూస్తే ముదురు తొడకు కుక్కర్ అంత పనికొచ్చే గిన్నె మరొకటి లేదు. మామూలు గంజులో నీళ్లు 100 డిగ్రీలకు మించి వేడెక్కవు. కుక్కర్‌లో ఒత్తిడి వల్ల అది 120 డిగ్రీల దగ్గరికి చేరుతుంది. ఆ వేడికి గంటన్నర పని అరగంటలో అవుతుంది, గ్యాస్ మిగులుతుంది. ఉదయం గనికో, బడికో, పొలానికో పోయి వచ్చి పండుగ వంట చేయాల్సిన ఆడమనిషికి ఆ గంట చిన్నది కాదు.

కుక్కర్ కూర తేలిపోయిందంటే మూడు కారణాలు. మొదటిది, తునకలన్నీ ఒకేసారి వేయడం. తొడ ఉడికేసరికి రొమ్ము దారాలు దారాలుగా విడిపోతుంది. రెండోది, మూత పెట్టాక నీరు ఇగరదు కాబట్టి చారు పలచగా మిగలడం. మూడోది, మూత తీయగానే వడ్డించేయడం. దీనికి మందు కూడా సులువే.

తొడలు, కాళ్లు, వీపు, మెడ, కందనకాయ మాత్రమే మొదట కుక్కర్‌లో వేయాలి. ముందుగా నూనెలో ఎర్రగా వేయించి, అప్పుడు కారం, ఉప్పు, తునకలు మునిగీ మునగనంత నీళ్లు పోయాలి. మొదటి విజిల్ వచ్చాక మంట తగ్గించి, వయసును బట్టి పదిహేను నుంచి ముప్పై నిమిషాలు ఉంచాలి. విజిళ్లు లెక్కపెట్టడం కన్నా నిమిషాలు చూసుకోవడం నమ్మకం, ఎందుకంటే ఒక్కో కుక్కర్ విజిల్ ఒక్కో తీరు. ఆవిరి దానంతటదే తగ్గాక మూత తీసి రొమ్ము తునకలు, కార్జం, నూరిన మసాలా వేసి, మూత లేకుండా ఇరవై నిమిషాలు సన్న మంట మీద ఇగరనివ్వాలి. నూనె పైకి తేలి, గంటెకు చారు అంటుకుంటే దించొచ్చు. కోడిని ముందు కాల్చి ఉంటే ఈ కూరకూ కట్టెల పొయ్యి కూరకూ తేడా చెప్పడానికి గట్టి నాలుకే కావాలి.

బొంగులో కోడి: అడవి ఆవిరి

గోదావరి అడవుల్లో గిన్నె అక్కర్లేకుండా వండే పద్ధతి బొంగు. మారేడుమిల్లి, అరకు దారుల్లో సందర్శకుల వల్ల దీనికి పేరొచ్చింది. ములుగు, భూపాలపల్లి అడవి దారుల్లోనూ ఇప్పుడు అడిగేవాళ్లు పెరిగారు. పచ్చి వెదురును ఒక గణుపు మూసి ఉండేలా నరుకుతారు. మసాలా పట్టించిన చిన్న తునకలను అందులో కూరి, మూతిని ఆకులతో బిగించి, నిప్పుల మీద వాల్చి తిప్పుతూ ఉంటారు. నూనె వేయరు, నీళ్లు పోయరు. పచ్చి బొంగు గోడల్లోని తడి, తునకల్లోని నీరు కలిసి ఆవిరవుతాయి. ఆ ఆవిరికే లోపలిది ఉడుకుతుంది. వెదురు పైన మాడి నల్లబడుతుంది, లోపల మాంసం మాడదు.

దీని రుచి వేరు. వెదురు పచ్చి వాసన, పొగ, మసాలా కలిసి వస్తాయి. కాకపోతే ఇది లేత కోడికి చెందిన వంట. ముప్పావుగంట ఆవిరికి ముదురు పుంజు లొంగదు. చారు ఉండదు కాబట్టి అన్నానికి కుదరదు, ముప్పై మంది బలగానికి బొంగులు సరిపోవు. పదిమందీ నిప్పు చుట్టూ కూర్చొని ఒక్కో తునక తినడానికి మాత్రం ఇంతకు మించింది లేదు. ఎండిన బొంగు వాడితే అంటుకొని చీలిపోతుంది. పచ్చిదే కావాలి.

సముద్రం అవతల పండుగ కోడి

డాలస్‌లోనో, న్యూజెర్సీలోనో ఉన్న మనవాళ్లకు నవంబరు నాలుగో గురువారం సెలవు. 1941లో అమెరికా కాంగ్రెస్ చట్టం చేసి ఆ రోజును థాంక్స్ గివింగ్‌గా ఖాయం చేసింది. ఆ రోజు బల్ల మీద టర్కీ ఉండటం అక్కడి ఆనవాయితీ. ఐదారు కిలోల నుంచి పది కిలోల దాకా తూగే పక్షిని ముక్కలు కొట్టకుండా 160 డిగ్రీల ఓవెన్‌లో గంటల తరబడి కాలుస్తారు. ఇక్కడే చిక్కు. కోడిమాంసం క్షేమంగా తినడానికి లోపలి వేడి 74 డిగ్రీలు చేరాలని అక్కడి వ్యవసాయ శాఖ చెబుతుంది. తొడ మెత్తబడాలంటే 80 దాటాలి. అది దాటేసరికి రొమ్ము ఎండిపోతుంది.

దీన్నుంచి బయటపడటానికి వాళ్లు పడని పాట్లు లేవు. ఒకరోజు ముందే ఉప్పు పట్టించి పెడతారు. వెన్నెముక తీసేసి పక్షిని పలకలా పరిచి కాలుస్తారు. పెద్ద డేగిశాలో నూనె మరిగించి నిలువునా దించుతారు. ఈ చివరి పద్ధతిలో తోలు కరకరలాడుతుంది, వంట గంటలోపే అయిపోతుంది. పూర్తిగా మంచు కరగని టర్కీని మరిగే నూనెలో వేస్తే మాత్రం నూనె పొంగి పొయ్యి మీద పడి ఇళ్లు తగలబడిన సంఘటనలున్నాయి. అందుకే అక్కడి అగ్నిమాపక శాఖలు ఏటా హెచ్చరిస్తాయి.

తెలుగు ఇళ్లల్లో దారి వేరే. తోలు కింద అల్లంవెల్లుల్లి, కారం, పెరుగు పట్టించి ఓవెన్‌లో పెట్టేవాళ్లు కొందరు. తొడలను విడదీసి ఇగురు పెట్టి, రొమ్మును పులావులో వేసేవాళ్లు ఇంకొందరు. రెండోదే తెలివైన పని. మనం కోడిని మొదటే తునకలు కొట్టడంతో ఆ చిక్కు చాలావరకు తీరిపోతుంది. పక్షిని నిండుగా బల్ల మీద చూపించాలన్న పట్టుదల మనకు లేదు. ఇక్కడా కొందరు రైతులు టర్కీ కోళ్లు పెంచుతున్నారు. ఎవరి ఇంటికైనా ఒకటి వస్తే నాటు పుంజుకు చెప్పిన సూత్రమే వర్తిస్తుంది: తొడ ఒక గంజులో ముందు, రొమ్ము తర్వాత.

ఏ కోడికి ఏ పొయ్యి?

ముదురు నాటు పుంజు: కాల్చి, తొడ-వీపు కుక్కర్‌లోనో, నిప్పుల సెగ మీదనో. చారు కూర, చింతచిగురు పులుసు బాగుంటాయి.

ఐదారు నెలల నాటు పెట్ట: కాల్చి, ఇంటి గంజులో నిదానం మంట మీద. పండుగ కూరకు మొదటి ఎంపిక ఇదే.

వనరాజా, రాజశ్రీ వంటి పెరటి రకాలు: గంజులో నలభై నిమిషాల నుంచి గంట. కుక్కర్ అవసరం లేదు.

బ్రాయిలర్: బొంగులో కోడి, వేపుడు, బగార అన్నం పక్కన ఇగురు. చారు కూరకు చిక్కదనం రాదు.

మేకపోతుతో పాటు కోడి కూడా ఉన్న దావత్: రెండూ ఒకే గంజులో వేయొద్దు. ఉడికే సమయాలు వేరు.

తీర్పు

రుచి ఒక్కటే కొలమానమైతే గడ్డి మంటలో కాల్చి, నిప్పుల సెగ మీద ఉడికిన నాటు పెట్టదే పైచేయి. దానికి పోటీ లేదు. అయితే ఆ కూర వెనక మూడు గంటల కూలి ఉంటుంది. కట్టెలు, పొగ, కళ్ల మంట, మాటిమాటికీ లేచి చూడటం. ఆ పనంతా ఇంట్లో ఒక్కరి నెత్తిన వేసి "మా అమ్మ చేతి రుచి" అని లొట్టలేయడం న్యాయం కాదు. ఆ మనిషి చేతిలో ఒక్క గంటే ఉంటే కాల్చిన కోడి, కుక్కర్, చివర ఇరవై నిమిషాల ఇగురు. ఇది ఏ మాత్రం తీసిపోని దారి. కుక్కర్ తీసిందని కోడలిని ఎవరూ బద్ధకస్తురాలు అనకూడదు.

కట్టెల పొయ్యి కూరే కావాలని పట్టుబట్టేవాళ్లకు జాతర ముందే దారి చూపించింది. కోడిని కాల్చేది ఒకరు, తునకలు కొట్టేది ఒకరు, మసాలా నూరేది ఒకరు, నిప్పు చూసుకునేది ఒకరు. ఈ దసరాకు నాటు పెట్టను తెల్లారకముందే కోయించండి. గడ్డి కట్టను తాతకు, గంటెను నాన్నకు అప్పగించండి. అప్పుడు కట్టెల పొయ్యి కావాలా, కుక్కర్ కావాలా అని మళ్లీ అడిగితే, ఇంట్లో వాళ్లు రుచి తెలిసి జవాబు చెబుతారు, ఖరీదు కూడా తెలిసి చెబుతారు.